చెవి

విలెన్‌హాల్‌లో వకుళ లెక్కలు రాసేది నేనే.
మూడు నెలలకోసారి ఒక బిస్కెట్ డబ్బా తెచ్చి
నా బల్ల మీద బోర్లిస్తుంది:
రసీదులు, ఇత్తడి రజను, ఒక విరిగిన స్ప్రింగు.
వాటిలోంచి ఒక వ్యాపారాన్ని ఏరి తీయడం నా పని.

ఒకప్పుడు ఇది తాళాల ఊరు.
ఇప్పుడు ఫ్యాక్టరీ గోడల మీద పేర్లే మిగిలాయి,
అవీ సగం అక్షరాలు రాలి.
అలాంటి ఒక గోడ వెనక, కార్లు కడిగే చోటు పక్కన,
ఆమె అద్దెకు తీసుకున్న షెడ్డు.
పన్నెండు బల్లలు, పన్నెండు తలుపులు.
గోడల్లేని తలుపులు. చట్రాల్లో నిలబడి
ఎటూ తీసుకుపోనివి.
పొద్దుటినుంచి సాయంత్రం దాకా
వాటిని తెరవడమే అక్కడి చదువు.

తనకు నేర్పింది ఎర్నీ.
ఆమె రాత్రి డ్యూటీలు చేసిన కేర్ హోమ్‌లో పదకొండో గది.
కూతురి పేరు మరిచిపోయాడు,
కట్టుడు పళ్లు ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడు,
వేళ్లు మాత్రం ఏమీ మరిచిపోలేదు.
రాత్రి రెండింటికి దుప్పటి కింద దాచిన పాత తాళం తీసి
ఆమె బొటనవేలు పట్టుకుని లోపలికి నడిపించేవాడు:
ఇదిగో ఒకటో మెట్టు. ఆగు.
తొందరపడకు పిల్లా. ఇదిగో రెండోది.

మొదటి రోజు పాఠం ఎప్పుడూ ఒకటే.
మా భాషలో దీన్ని కప్ప అంటాం, అని తాళం ఎత్తి చూపిస్తుంది.
నవ్వుతారు.
దీన్ని చెవి అంటాం.
ఇంకా నవ్వుతారు.
బడిలో ముప్ఫై ఏళ్లు పిల్లలకు వడ్డించి
ఉద్యోగం పోగొట్టుకున్న మార్లీన్ అయితే
కళ్లు తుడుచుకునేంతగా.
నవ్వు అయిపోయేదాకా ఆగి, అప్పుడంటుంది:
అది నోరు మూసుక్కూచుంటుంది.
బలం చూపిస్తే ఇంకా బిగుసుకుంటుంది.
చెవి పెట్టండి.

మొదటి ఏడాది నష్టం పదకొండు వేల పౌండ్లు.
రెండో ఏడాది నాలుగు వేలు.
ఇదేం వ్యాపారమండీ అన్నాను.
తగ్గింది కదా, అంది.
మూడో ఏడాది, మార్లీన్ సొంత వ్యాను కొనుక్కున్న ఏడాది,
ఎర్ర సిరా నల్లబడింది.
అప్పుడొచ్చాడు కైరన్.

ఇరవై రెండేళ్లు. పద్నాలుగు నెలలు జైల్లో.
ఎందుకో చెప్పక్కర్లేదు. తలుపుల విషయమే.
ఇన్సూరెన్స్ వాళ్లు ప్రీమియం ఎనిమిది వందలు పెంచారు.
నేనూ ఊరుకోలేదు,
దొంగ చేతికి తాళాలిచ్చినట్టని
మన పెద్దలు ఊరికే అన్నారా, అన్నాను.
ఆమె డబ్బా మూత నొక్కి పెడుతూ
ఇచ్చాక ఏమైందో వాళ్లు చెప్పలేదు కదండీ, అంది.

ఒక మాట. లెక్కలు రాసేవాణ్ణి, దాచకూడదు.
కైరన్ చేతికి సర్టిఫికెట్ వచ్చిన వారమే
మా వీధి తలుపు తాళం మార్పించాలనుకున్నాను.
పాతబడిందని మా ఆవిడతో చెప్పాను.
వేరేవాళ్లను పిలవడానికి మొహమాటం,
వకుళకే ఫోన్ చేశాను.
పంపిస్తా, అంది. అంతే.

శనివారం. సన్నటి వాన.
గుమ్మంలో కైరన్, బూట్లు విప్పాలా అని అడుగుతూ.
ముప్పావుగంట మోకాళ్ల మీద కూచున్నాడు
చెంప చెక్కకు ఆనించి,
లోపల ఎవరో మాట్లాడుతున్నట్టు.
వంటింట్లోంచి నేను చూస్తూనే ఉన్నాను.
టీ ఇవ్వాలని తోచలేదు.

పాతదాన్ని గుడ్డలో చుట్టి ఇచ్చాడు.
ఇది బాగానే ఉందండీ,
ఇంకో పదేళ్లు వచ్చేది, అన్నాడు.
బిల్లు నూట నలభై. తగ్గింపు లేదు.
కొత్త చెవులు నా అరచేతిలో పెట్టి
మొత్తం మూడు, లెక్క చూసుకోండి, అన్నాడు.

చూసుకున్నాను.
అతని ముందే. రెండుసార్లు.